ఎరుపు తగ్గిన కన్ను

“ఏం వేశారు ఈ కంట్లో?”

అక్క రెండోసారి అడిగింది. మొదటిసారి అడిగినప్పుడు గదిలో ఉన్న ముగ్గురూ ఆ ప్రశ్న తమది కానట్టు ఊరుకున్నారు.

చెల్లెలు కిటికీ పక్క కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చుంది. ఆమె కుడికన్నుని వైరస్ తినేసి రెండు నెలలు దాటింది. పోయిన వారం మిగిలిన ఎడమకన్ను కూడా చింతనిప్పులా ఎర్రబడేసరికి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇప్పుడు అదే కన్ను అక్క చేతిలోని చిన్న టార్చి వెలుగులో కడిగిన పింగాణీ గిన్నెలా తెల్లగా ఉంది. వెతికినా ఒక్క ఎర్రజీర కనిపించలేదు.

“వచ్చీ రాగానే పోలీసుల్లా ఆ నిలదీయడం ఏమిటే?” అంది తల్లి. “దాని కన్ను బాగుపడింది, చూసి నువ్వూ సంతోషిస్తావని పొద్దున్నే ఫోన్ చేశాను. కనీసం కూర్చో.”

“ఏం వేశారో చెప్పమ్మా, కూర్చుంటాను.”

“డాక్టరమ్మ రాసిచ్చినవే.”

“అవి వేస్తే ఇంత తొందరగా తెల్లబడదు. నెమ్మదిగా తగ్గుతుంది. మధ్యలో మళ్లీ ఎర్రబడుతుంది, మళ్లీ తగ్గుతుంది. ఇలా తుడిచేసినట్టు పోదు.”

“పోతే నీకేమిటి బాధ?”

అక్క టార్చి ఆర్పింది. తల్లి మొహంలోకి చూసి లాభం లేదు. చెల్లెలు సరేసరి, కన్ను మూసుకుని గోడవైపు తిరిగిపోయింది. ఇక మిగిలింది మరిది, చెల్లెలి భర్త. లిఫ్టులు బాగుచేసే కంపెనీవాళ్ల నీలం చొక్కా వేసుకుని, పనిముట్ల సంచి భుజాన తగిలించుకుని, పనికి వెళ్లే వేళ దాటిపోయినా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. సంచి పట్టీని వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

“నేనే తెచ్చాను వదినా,” అన్నాడు చివరికి.

“ఎక్కడ్నించి?”

“మీ దగ్గర్నించే.”

అక్కకి అర్థం కాలేదు.

“మీరు పనిచేసే చోటినుంచే. మీ ప్రొఫెసర్‌గారి దగ్గరికెళ్లి అడిగాను. ఇచ్చారు.”

 వంటింట్లో సరిగా కట్టని కుళాయి నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు గదిదాకా వినిపించింది.

“ఎప్పుడు?”

“నాలుగు రోజులైంది. మీ వెనకాల చేద్దామని కాదు వదినా. ముందు మిమ్మల్నే అడిగాను. ఇదే గదిలో, మీ చేతులు పట్టుకుని అడిగాను. మీరు కుదరదన్నారు. పేపరు చూపిస్తే, పేపర్లో రాసింది సగమే అన్నారు. మిగతా సగం నాకెలా తెలుస్తుంది? కంటివాపుని ఆపే చుక్కలు కనిపెట్టారని ఇంతింత అక్షరాలతో వేశారు. ఆ ఫొటోలో ఆయన పక్కన మీరూ నిలబడే ఉన్నారు.”

“సొంత చెల్లెలికి పనికిరాని మందు ఎవరికోసం చేశావే?” అంది తల్లి.

ఆ మాట అక్కకి కొత్తది కాదు. ఈ వారంలో ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. అయినా ఓపిక కూడగట్టుకుంది.

“అమ్మా, ఇంకొక్కసారి చెప్తాను, విను. వైరస్ దూరిన కణం ఊరికే చచ్చిపోదు. సాయానికి రమ్మని చుట్టుపక్కలకి కబురు పెడుతుంది. ఆ కబురు అందుకుని రక్షక కణాలు పరిగెత్తుకొస్తాయి. వైరస్‌ని చంపుతాయి, ఆ గొడవలో కంటి వెనక పొరనీ పాడుచేస్తాయి. మనకి పైకి కనిపించే ఎరుపూ వాపూ ఆ గొడవే. మేం చేసిన చుక్కలు ఆ కబురునే నొక్కేస్తాయి. వయసు మీదపడో, షుగరు వచ్చో, కన్ను ఊరికే వాచేవాళ్లకి మంచిది. దీని కంట్లో వైరస్ ఇంకా బతికే ఉంది. ఇంట్లో దొంగ ఉండగా కుక్క మూతి కట్టేసినట్టు.”

“కుక్క అరవడం లేదంటే దొంగ వెళ్లిపోయాడేమో,” అంది చెల్లెలు, గోడవైపు నుంచి తిరక్కుండానే.

“వెళ్లలేదే. నేను చూశాను. ఎలుకల్లో చూశాను.”

“నేను ఎలుకని కాను.”

తల్లి పెదవి కొరుక్కుంది. మరిది పనిముట్ల సంచి దింపి నేలమీద పెట్టాడు.

“డాక్టరమ్మ మళ్లీ ఎప్పుడు చూశారు?” అని అక్క అతన్నే అడిగింది.

“నిన్న. చాలా బాగుందన్నారు. వైరస్‌కి ఇస్తున్న ఇంజక్షన్లు ఆపేసి మాత్రల మీద పెట్టారు.”

“ఈ చుక్కల సంగతి ఆవిడకి చెప్పారా?”

మరిది నేలవైపు చూశాడు.

అక్క మంచం అంచున కూలబడింది. ఎరుపు పోయింది కాబట్టి వైరస్ పోయిందనుకున్నారు డాక్టరమ్మ. ఆవిడ తప్పేం లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. దానికున్న ఒక్క ఆసరానీ ఆవిడ చేత్తోనే తీయించేశారు వీళ్లు.

“ఆ సీసా ఎక్కడుంది?”

“ఇవ్వను,” అంది చెల్లెలు. ఇప్పుడు తిరిగి చూసింది. ఆ కంట్లో తడి కూడా లేదు. “సోమవారం మిల్లుకి రమ్మన్నారు. రంగుల పరీక్ష పెడతారట. ఒంటికన్నుతో గుర్తుపట్టగలిగితే పాత పని ఎప్పటిలాగే ఇస్తానన్నాడు మేనేజరు. నాకు అన్నీ కనిపిస్తున్నాయక్కా. నిన్న ఒకే ఎరుపులో ఏడు రకాలు విడదీసి పెట్టాను, ఆయన్ని అడుగు.”

“విడదీసింది వదినా. నేను చూశాను,” అన్నాడు మరిది.

చెల్లెలు బట్టల మిల్లులో రంగులు సరిచూసే మనిషి. అద్దకంలోంచి వచ్చిన ప్రతి థానూ ఆమె కళ్లముందు నుంచి పోవాల్సిందే. మిగతావాళ్లకి ఒకటే అనిపించిన రెండు నీలాల్ని ఆమె కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, “ఇది ముదురు, ఇది దీని కడుపున పుట్టింది,” అనేది. పిచిక అని ఇంట్లో పెట్టుకున్న పేరు మిల్లులో కూడా పాకింది. పిచిక చూడందే సరుకు బయటికి పోదనేవాళ్లు.

“సోమవారానికి ఆ కన్ను ఉండాలి కదే,” అంది అక్క.

తల్లి ఒక్కసారి లేచి నిలబడింది. “నోరు మంచిది చేసుకో. పొద్దున్నే ఇంటికొచ్చి నువ్వనే మాటేనా అది?”

అక్క బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి తలుపు గట్టిగా మూసిన చప్పుడు వినిపించింది.

*

ప్రొఫెసర్ గదిలో ఎప్పుడూ మెల్లగానే మాట్లాడాలి. ఆయన స్వరమే అంత. ఎంత కోపం వచ్చినా గొంతు పెరగదు. అందుకే ల్యాబులో పిల్లలు ఆయన్ని దూదిబాబాయి అంటారు.

అక్క లోపలికి వెళ్లేసరికి ఆయన టిఫిన్ డబ్బా మూత పెడుతున్నారు. చెప్పేదాకా ఆగి, అంతా విని, చేతులు తుడుచుకున్నారు.

“నీ చెల్లెలి కన్ను తెల్లబడిందా లేదా?”

“తెల్లబడింది.”

“మరి?”

“నా ఎలుకల కళ్లు కూడా తెల్లబడ్డాయి సర్.”

ఆయన అద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

“వైరస్ ఎక్కించిన ఎలుకల్లో చుక్కలు వేసినవాటి కళ్లే ముందు తెల్లబడ్డాయి,” అంది అక్క. “చూడ్డానికి వాటంత ఆరోగ్యంగా ఇంకేవీ లేవు. కోసి చూస్తే లోపల పొర మిగల్లేదు. మీకు చూపించాను. ఇదే బల్లమీద.”

“చూశాను. నువ్వు వైరస్ మోతాదు ఎక్కువ వేశావు. అంత వైరస్ ఏ మనిషి కంట్లోనూ ఉండదు.”

“అయితే తగ్గించి మళ్లీ చేస్తానన్నాను. మీరు వద్దన్నారు. వైరస్ లేని ఎలుకల సంగతే రాసి పరిశోధన పత్రికకి పంపించారు.”

“వాటి సంగతి నిజం కాదా?”

“నిజమే.”

“ఇంక నేను చేసిన అబద్ధం ఏమిటి?”

అక్కకి ఆ ప్రశ్నకి జవాబు తెలుసు. కానీ అది ఒక్క మాటలో చెప్పేది కాదు. ఆయనకి కూడా ఆ సంగతి తెలుసు.

“మీ మరిది వచ్చి ఇక్కడ, నువ్వు నిలబడ్డ చోటే కూర్చుండిపోయాడు,” అన్నారు ప్రొఫెసర్. “కుర్చీలో కాదు, నేలమీద. నువ్వు ఎలుకల్ని చూస్తావమ్మాయ్. నేను డాక్టరుగా ఉన్నప్పుడు మనుషుల్ని చూశాను. కనిపించే కళ్లతో లోపలికి వచ్చి, కనిపించని కళ్లతో బయటికి వెళ్లినవాళ్లని. వాళ్లకి నేను ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాణ్ణి, పరిశోధన జరుగుతోంది అని. ఈసారి ఆ మాట చెప్పలేకపోయాను.”

ఆయన కళ్లలో నీళ్లు లేవు గానీ, అది నటన కాదని అక్కకి తెలుస్తూనే ఉంది. అదే ఆమెని ఇంకా మండించింది. దొంగమనిషైతే తిట్టి వెళ్లిపోవచ్చు.

“సరే. ఇచ్చారు. ఇప్పుడు డాక్టరమ్మకి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పండి. ఇంజక్షన్లు మళ్లీ మొదలుపెట్టాలి.”

ఆయన అద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. చాలాసేపు కిటికీలోంచి చూశారు. కింద ఎవరో పార్సిల్ పెట్టెలు దించుతున్నారు.

“అనుమతి లేని మందు అది. నేనిచ్చానని నా నోటితో చెప్తే రేపీపాటికి ఇక్కడ తాళం పడుతుంది. నీతో సహా ఇంతమంది రోడ్డున పడతారు. ఈ మందు ఇంకెవరికీ ఎప్పటికీ అందదు. షుగరువాళ్లకీ, ముసలివాళ్లకీ మంచిదని నువ్వే అన్నావుగా?”

“అయితే నేను చెప్తాను.”

“చెప్పు. ఆపను.” ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. “కానీ ఒక్కసారి ఆలోచించుకో. చెల్లెలు నీ చెల్లెలు. మందు నువ్వు చేసిన మందు. మందు పెట్టే ఫ్రిజ్ తాళం ఉండేది నీ దగ్గర. అడిగితే నాకేమీ తెలియదంటాను. అనక తప్పదు. అప్పుడు ఎవరిచ్చారనుకుంటారు?”

బెదిరిస్తున్నట్టు లేదు ఆయన మాట. రోడ్డు దాటబోతున్న పిల్లకి జాగ్రత్త చెప్పినట్టు ఉంది.

అక్క తలుపు దాకా వెళ్లి ఆగింది. “నేలమీద కూర్చున్నవాణ్ణి చూసి జాలిపడ్డారు సర్. దాని కన్ను పోతే అతను ఎక్కడ కూర్చోవాలి?”

ప్రొఫెసర్ డబ్బా మూత సరిగా పడిందో లేదో మళ్లీ చూసుకున్నారు.

*

ఇంటికి వెళ్లేసరికి చెల్లెలు కిటికీ దగ్గర బల్ల వేసుకుని నూలు చిలపలు, రంగు దారాల చుట్టలు, పరుచుకుంది. మిల్లులో తోటి పనివాళ్లెవరో తెచ్చిచ్చినవి. పసుపులన్నీ ఒక వరసలో పేరుస్తోంది. ఒక్కో చిలపని మొహం దగ్గరికి తెచ్చుకుని, వెలుతురుకి పట్టి, తల పక్కకి వంచి చూసి పెడుతోంది. అక్క వచ్చినట్టు తెలిసినా తలెత్తలేదు.

మరిది పనికి వెళ్లలేదు. మంచం మీద కూర్చుని ఉన్నాడు. తల్లి వంటింట్లో గిన్నెలతో మాట్లాడుతోంది. ఆ ఇంట్లో ఎవరి మీద కోపం వచ్చినా ముందు గిన్నెలకే తెలుస్తుంది.

అక్క నిలబడి చూసింది. చెల్లెలి చేతులు వేగంగా, తడుముకోకుండా కదులుతున్నాయి. వరస తప్పడం లేదు. లేత నిమ్మపండు రంగు దగ్గర్నించి బంగారం దాకా పసుపు మెల్లమెల్లగా ముదురుతూ వెళ్తోంది. ఒక్క క్షణం అక్కకే అనుమానం వచ్చింది. ఎలుకల్లో జరిగింది దీనికి జరగలేదేమో. మోతాదు నిజంగానే ఎక్కువైందేమో. పొరపాటు తనదే అయితే బాగుండును.

అంతలో చెల్లెలు దారం తెంపడానికి కత్తెర కోసం ఎడమచేయి చాపింది. అక్కడ మంచినీళ్ల గ్లాసు ఉంది. చేయి నేరుగా వెళ్లి దానికి తగిలింది. గ్లాసు దొర్లి, నీళ్లు పసుపు వరసలోకి పారాయి.

“పర్వాలేదు,” అంది చెల్లెలు, ఎవరూ అడగకముందే. “చూసుకోలేదు.”

మరిది లేచి గుడ్డ తేవడానికి వెళ్లాడు. అక్క కదల్లేదు. చెల్లెలికి ఎడమపక్కగా వెళ్లి, చప్పుడు చేయకుండా చేయి ఎత్తి, ఆమె చెవి దగ్గర వేళ్లు ఆడించింది. కొంచెం ముందుకి తెచ్చింది. ఇంకా తెచ్చింది. కంటికి దాదాపు ఎదురుగా వచ్చేదాకా చెల్లెలికి ఆ చేయి ఉందని తెలియలేదు.

తెలిసినప్పుడు ఉలిక్కిపడలేదు. తడిసిన చిలపల్ని చూస్తూ ఉండిపోయింది.

“ఎప్పట్నించి?” అంది అక్క.

“నిన్న సాయంత్రం నుంచి.” గొంతు లోపల్నించి వచ్చింది. “ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తోంది. పక్కన... పక్కన ఏమీ లేనట్టుంటోంది. చీకటి కూడా కాదు. అసలు అటు పక్క అంటూ లేనట్టు.”

“ఎవరికీ చెప్పలేదేం?”

“రంగులు చూడ్డానికి పక్కచూపు అక్కర్లేదు.”

“నాకైనా చెప్పాలి కదే.”

“నీకా?” చెల్లెలు నవ్వింది. మంచి నవ్వు కాదది. “నీకు చెప్తే ఏం చేసేదానివి? కన్ను పోయిన రోజున ఇంట్లో అందరూ ఏడిచారు. నువ్వు మాత్రం నా పక్కన కూర్చుని, మొదట ఎటువైపు మసకేసింది, నొప్పుందా లేదా అని వరసపెట్టి అడిగావు. నేను చెప్తుంటే నీ మొహం చూశాను. అప్పటికి ఈ కన్ను బాగానే ఉందిగా, చూశాను. నీకు ఆసక్తిగా ఉంది.”

అక్క దొర్లిన గ్లాసుని నిలబెట్టింది. 

తల్లి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

“ఆసుపత్రికి పదండి,” అంది తల్లి. “ఎవరిది తప్పో దారిలో తేల్చుకుందురుగాని.”

మరిది గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “వదినా, నేనివ్వమన్నానని తెలిస్తే కేసు పెడతారా? ప్రొఫెసర్‌గారు ఎవరికీ చెప్పొద్దన్నారు. ముఖ్యంగా మీకు. అయిపోతే ఇంకో సీసా ఇస్తానన్నారు.”

“ముందు ఆ సీసా నాకిచ్చి, చెప్పులు వేసుకో,” అంది అక్క.

*

కళ్లు చూసే గదిలో వెలుతురు సగమే. చెల్లెలి గడ్డం ఆ యంత్రం మీద ఆనించి డాక్టరమ్మ చాలాసేపు చూశారు. పైకి చూడు, కిందికి చూడు, ఎడమకి, ఇంకా ఎడమకి. చివరికి కుర్చీ వెనక్కి జరుపుకుని లైటు వేశారు.

“నిన్న ఇది లేదు,” అన్నారు. “పొర అంచున మొదలై లోపలికి వస్తోంది. పైకి చూస్తే కన్ను అద్దంలా ఉంది. ఇలా ఉండకూడదే. ఇంత వైరస్‌కి కన్ను మండిపోతూ ఉండాలి.” ఆవిడ అక్క చేతిలోని చిన్న సీసా చూశారు. “అదేమిటి?”

అక్క చెప్పింది. ఏ మందో, ఏ కబురుని ఎలా ఆపుతుందో, ఎలుకల్లో ఏం జరిగిందో. ఎవరిచ్చారన్నది మాత్రం చెప్పలేదు. డాక్టరమ్మ మొహం మెల్లగా గట్టిపడింది.

“ఇది ఈవిడ చేతికి ఎలా వచ్చింది?”

గదిలో ముగ్గురే ఉన్నారు. తల్లీ మరిదీ బయట వరండాలో బెంచీ మీద ఉన్నారు. అక్క ఊపిరి తీసుకునేలోపు చెల్లెలి గొంతు వినిపించింది.

“మా అక్క ఇచ్చింది.”

డాక్టరమ్మ అక్కవైపు తిరిగారు.

“చూడండి,” అన్నారు. “నేనిప్పుడు కంట్లోకే ఇంజక్షన్ ఇవ్వాలి. ఈ సీసాలో ఏముందో, ఎంత బలమో, ఎన్నాళ్లుగా వేశారో కచ్చితంగా తెలియాలి. చేతులు మారి వచ్చిన సీసా అయితే నేను నమ్మలేను. మీ సంస్థని అడగాలి, వాళ్లు చెప్పేదాకా ఆగాలి. మీరు మీ చేత్తో తీసి ఇచ్చారంటే ఆగక్కర్లేదు. మీరే ఇచ్చారా?”

సంస్థని అడిగితే ఏమంటారో అక్క మధ్యాహ్నమే విన్నది. ఆ మెత్తటి గొంతు తనకేమీ తెలియదంటుంది. వాళ్లూ వీళ్లూ మాట్లాడుకుని తేల్చేసరికి ఆ అంచు ఎంత లోపలికి వస్తుందో ఆమెకి తెలుసు. సీసా మూత మీద సన్నగా ఉన్న అంకె తనే రాసింది. బలమెంతో తనకి తెలియనిది కాదు.

చెల్లెలు యంత్రం వైపే మొహం పెట్టుకుని కూర్చుంది. తల తిప్పలేదు.

“నేనే,” అంది అక్క.

డాక్టరమ్మ ఇంకేం అడగలేదు. బలమెంతో, ఎన్నిసార్లు వేశారో రాసుకున్నారు. నర్సుని పిలిచారు. నర్సు చెల్లెల్ని పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంటే, డాక్టరమ్మ గుమ్మం దగ్గర ఆగి అక్కతో అన్నారు.

“ఇంజక్షన్ అయ్యాక మీవాళ్లకి ఫోన్ చేస్తాను. చేయకుండా ఉండలేను.”

“చేయండి.”

“ఎలుకల్లో ఏం జరిగిందో తెలిసి కూడా సొంత చెల్లెలికి ఎలా వేశారమ్మా?”

అక్క సీసాని బల్లమీద పెట్టి బయటికి వచ్చింది.

*

వరండాలో తల్లి లేచి ఎదురొచ్చింది. అక్క జరిగింది చెప్పింది. మరిది బెంచీ మీంచి సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

తల్లి కూతురి భుజం మీద చేయి వేసింది. ఎన్ని వారాలయిందో ఆ చేయి పడి.

“మంచిపని చేశావే,” అంది. “అల్లుడి మీద కేసు పడితే ఆ ఉద్యోగం పోతుంది. దాన్ని ఎవరు చూస్తారు? నీకేం, ఒక్కదానివి. చదువుంది. ఇంకెక్కడైనా దొరుకుతుంది.”

ఆ చేయి బరువు అక్క భరించలేకపోయింది. అయినా తీయలేదు.

“వదినా,” అన్నాడు మరిది వేళ్ల సందుల్లోంచి. “నేను వెళ్లి నిజం చెప్పేస్తాను.”

తల్లి చటుక్కున అతని వైపు తిరిగింది. ఏమీ అనలేదు, చూసింది అంతే. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. లేచి ఎక్కడికో వెళ్లి కాగితం కప్పులో టీ తెచ్చి, అక్క పక్కన పెట్టి, దూరంగా లిఫ్టు దగ్గర నిలబడ్డాడు. లిఫ్టు వచ్చిన ప్రతిసారీ తలుపులు మూసుకునేటప్పుడు ఒక్క క్షణం తడబడుతోంది. అతను దాన్నే చూస్తూ ఉన్నాడు.

టీ మీద మీగడ కట్టేలోగా ఫోన్ మోగింది.

“డాక్టరుగారు మాట్లాడారమ్మాయ్,” అంది మెత్తటి గొంతు. “నువ్వు ఒప్పుకున్నావని చెప్పారు. నేను... నాకు నోట మాట రాలేదు. ఇంత చేస్తావనుకోలేదు.”

“మీరేం చెప్పారు సర్?”

 “రేపట్నించి రాకు. లోపల విచారణ పెట్టమంటున్నారు పైవాళ్లు. ఎలా ఉంది ఆ అమ్మాయికి?”

అక్క ఫోన్ పెట్టేసింది. జవాబు తెలుసుకునే హక్కు ఆయనకి లేదనిపించింది. తనకి కూడా ఇంకా తెలియదు.

*

చెల్లెల్ని మంచం మీద పడుకోబెట్టారు. ఎడమకంటికి మందంగా పట్టీ వేశారు. కుడికంటికి వేయలేదు, అవసరం లేదు. గదికి అవతలి చివర ఇంకో మంచం ఖాళీగా ఉంది. పొద్దువాలే ఎండ దాని దుప్పటి మీద పడుతోంది.

అక్క వచ్చి కుర్చీలో కూర్చుంది. చెల్లెలు అడుగుల చప్పుడుని బట్టే గుర్తుపట్టింది.

“ఆయనేడి?”

“బయట ఉన్నాడు. అమ్మ కూడా. పిలవనా?”

“వద్దు.” పట్టీని తడుముకుని, “ఏమన్నారు డాక్టరమ్మ?” అంది.

“పోయిన పక్కచూపు రాదు. మిగిలింది నిలబడుతుందో లేదో రేపు పట్టీ విప్పి చూస్తే గానీ తెలియదన్నారు.”

చెల్లెలు దుప్పటి అంచుని వేళ్లతో నలిపింది. అది ఆమె అలవాటు. బట్ట దొరికితే చాలు నేత తడిమి చూస్తుంది.

“నేను అబద్ధం చెప్పాననుకుంటున్నావా?”

“ఆయన్ని కాపాడ్డానికి చెప్పావనుకుంటున్నాను.”

“కొంత అందుకే. మిగతాది నిజం కాబట్టి చెప్పాను. ఆ మందు నీదే కదక్కా. నువ్వు లేకపోతే ఆ సీసా ఈ భూమ్మీదే లేదు. చేతికి అందించింది ఎవరైతే ఏం? నువ్వు దాన్ని చేయకపోయుంటే ఆయనకి ఆశ పుట్టేది కాదు, నాకూ పుట్టేది కాదు.”

అక్క దగ్గర చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి. వద్దని చెప్పింది తనే. కుదరదని చెప్పి తల్లి తిట్లు తిన్నది తనే. ఇవాళ ఉద్యోగం వదులుకున్నదీ తనే. కానీ రంగులు సరిచూసే చెల్లెలు ఇప్పుడన్నదాంట్లో ఎంత నిజముందో, ఎంత లేదో విడదీయడం ఆమెకి చేతకాలేదు.

“రేపు పట్టీ విప్పేటప్పుడు నువ్వుండకు,” అంది చెల్లెలు.

“ఎందుకే?”

“కనిపిస్తే ముందుగా నీ మొహం కనిపించకూడదు. నువ్వు నన్ను చూడవు, కన్నుని చూస్తావు. కనిపించకపోతే...” దుప్పటి అంచు వదిలేసింది.  “కనిపించకపోతే నువ్వు నన్ను చూస్తూ ఉండకూడదు. అమ్మ ఉంటుంది. ఆయనుంటాడు. నువ్వొద్దు.”

“సరే.”

“ఇప్పుడు కూడా వెళ్లు.”

అక్క లేచింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. రెండడుగులు వేసి ఆగిపోయింది. బయటికి వెళ్తే వరండాలో తల్లి ఉంది, ఆ మెచ్చుకోలు ఉంది. ఇంటికి వెళ్తే రేపు పొద్దున్న వెళ్లాల్సిన చోటు లేదు. ఆమె కాళ్లు ముందుకీ సాగలేదు, వెనక్కీ రాలేదు. మంచానికీ తలుపుకీ మధ్య ఊపిరి బిగబట్టి నిలబడింది.

“వెళ్లావా?” అంది చెల్లెలు.

అక్క పలకలేదు.

 చెల్లెలు కొంతసేపు చెవి ఒగ్గి విన్నది. తర్వాత కన్నీళ్లు కుడికంట్లోంచి, ఆ చూపులేని కంట్లోంచి చెంప మీదికి జారాయి. పట్టీ కింద రెండోది తడవడానికి వీల్లేదని డాక్టరమ్మ చెప్పినట్టున్నారు, ఆ పట్టీ అంచుని వేళ్లతో అదిమి పట్టుకుంది.

“అక్కా,” అంది, ఈసారి చాలా చిన్నగా.

అది పిలుపో, ఒంటరిగా ఉన్నాననుకుని అన్న మాటో అక్కకి తెలియలేదు. చెల్లెలి చేయి దుప్పటి మీంచి లేచి, గాలిలో తడుముకుంటూ కుర్చీవైపు వచ్చింది. దాన్ని అందుకుంటే తను వెళ్లలేదని, ఇంతసేపూ నిలబడి చూస్తూనే ఉందని తెలిసిపోతుంది.

ఆ చేయి ఖాళీ కుర్చీని తాకి, అక్కడే ఆగింది.